పావుగంటలో పలికే ఎర్ర గీత

వేలెడంత పొడవున్న సన్నని పట్టీ అది. బ్యాటరీ లేదు, తెర లేదు, తీగ లేదు. రోగి గజ్జల్లో కట్టిన బిళ్ల నుంచి సూదితో లాగిన రసంలో దాని కొసను ముంచి పావుగంట ఆగాలి. పైభాగంలో ఒక ఎర్ర గీత తేలుతుంది. దాని కింద ఇంకో గీత కూడా తేలిందంటే, ఆ మనిషికి ప్లేగు సోకిందని బలంగా అనుమానించాల్సిందే, మందు వెంటనే మొదలుపెట్టాల్సిందే. మడగాస్కర్ దీవిలోని మారుమూల ఆరోగ్య కేంద్రాల్లో 2002 నుంచి ఈ పట్టీ పనిచేస్తోంది.

ప్రమాదకరమైన బ్యాక్టీరియాను అక్కడికక్కడే పసిగట్టే ఇలాంటి సాధనాలను బయోసెన్సార్లు అంటున్నాం. వాటిలో దేనిలోనైనా రెండు పనులు జరగాలి. జీవపదార్థం ఏదో ఒకటి శత్రువును గుర్తుపట్టాలి. ఆ గుర్తుపట్టడం మన కంటికో, యంత్రానికో తెలిసే సంకేతంగా మారాలి. ఈ రెండు పనుల కోసం లేజర్లు, చిప్‌లు వాడే ఖరీదైన పరికరాలు ఎన్నో వచ్చాయి. వాటన్నిటినీ పక్కనపెట్టి ఈ పట్టీని పరిచయం చేయడానికి కారణం ఉంది. దీన్ని చేసినవాళ్లు మొదట పరికరం గురించి ఆలోచించలేదు. ఇది ఎవరి చేతికి వెళ్తుంది, ఎంత ఎండలో పడి ఉంటుంది, దీని మాట విన్నవాళ్లు ఆ తర్వాత ఏం చేయగలరు అని ఆలోచించారు. పట్టీలోని ప్రతి భాగంలో ఆ ఆలోచన కనిపిస్తుంది. పనితనం అంటే నా దృష్టిలో అదే.

గంటల లెక్క

ప్లేగు బ్యాక్టీరియా పేరు యెర్సీనియా పెస్టిస్. 1894లో హాంకాంగ్‌లో ప్లేగు చెలరేగినప్పుడు అలెగ్జాండర్ యెర్సిన్ దీన్ని గుర్తించాడు. 1896లో బొంబాయి చేరిన ఆ మహమ్మారి తర్వాతి దశాబ్దాల్లో మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎలుకల ఒంటి మీద బతికే రెక్కల్లేని చిన్న పురుగు దీన్ని మోస్తుందని పాల్-లూయీ సైమండ్ 1898లో కరాచీలో ప్రయోగం చేసి చూపాడు. సరిగ్గా అదే ఏడాది, భారతదేశం నుంచి వెళ్లిన ఆవిరి ఓడల్లోని ఎలుకలతో పాటు ప్లేగు మడగాస్కర్ తూర్పు తీరంలోని టోమాసినా రేవులో దిగింది. 1921 నాటికి రాజధాని అంటనానరివోకు చేరింది. ఆ తర్వాత దీవి నడుమనున్న ఎత్తైన ప్రాంతాల్లో పాతుకుపోయింది.

ఆ ఎత్తైన నేలంతా వరి మడులే. అక్కడి జనం మనలాగే అన్నం తినేవాళ్లు. ధాన్యం ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట దాని పురుగు ఉంటుంది. ఏటా సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ప్లేగు కాలం. ఎలుకలు చచ్చి వాటి ఒంటి పురుగులు మనుషుల మీదికి మళ్లాక, కుట్టిన చోటికి దగ్గర్లోని గజ్జల్లోనో చంకలోనో బిళ్ల కడుతుంది. జ్వరం కాస్తుంది. బ్యాక్టీరియా ఊపిరితిత్తులకు పాకితే ఆ మనిషి దగ్గు నుంచి పక్కవాళ్లకు నేరుగా అంటుకుంటుంది. ఊపిరితిత్తుల ప్లేగుకు మందు పడకపోతే దాదాపు ఎవరూ బతకరు. లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు మందు పడితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. మందు కొత్తదేమీ కాదు. దశాబ్దాలుగా ఉన్న స్ట్రెప్టోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు చాలు. కొరత మందుకు కాదు, సమయానికి.

పాత పద్ధతిలో ఆ సమయం ఎలా పోయేదో చూడండి. పల్లెలో తీసిన నమూనా రాజధానిలోని ప్రయోగశాలకు చేరడానికే రోజులు పట్టేది. చేరాక కల్చర్ చేయాలి, అంటే బ్యాక్టీరియాను పెంచి చూడాలి. యెర్సీనియా పెస్టిస్ నిదానంగా పెరిగే రకం. దారిలో వేరే బ్యాక్టీరియా చేరితే దీన్ని కమ్మేసేది. రోగికి అప్పటికే మందు పడి ఉంటే అసలు పెరిగేదే కాదు. ఫలితం వచ్చేసరికి రోగి కోలుకునో, చనిపోయో ఉండేవాడు. అంటే ప్రయోగశాల ఇచ్చే జవాబు ప్రభుత్వ లెక్కలకు పనికొచ్చేది కానీ మంచం మీద ఉన్న మనిషికి పనికొచ్చేది కాదు. ఆ జవాబును మంచం దాకా తీసుకురావాలని మడగాస్కర్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో సుజాన్ షాంటో, లీలా రహాలిసన్‌ల బృందం, పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫరీదా నాటో, ఎలిజబెత్ కార్నియెల్ వంటి శాస్త్రవేత్తలు కలిసి పూనుకున్నారు. వాళ్ల ఫలితాలు 2003 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి.

దేన్ని వెతకాలి

ఏ పరీక్షకైనా మొదటి నిర్ణయం ఇదే. బ్యాక్టీరియాను మొత్తంగా పట్టుకోవాలా, దాని జన్యువును వెతకాలా, అది విడిచే పదార్థం కోసం చూడాలా? జన్యువును వెతకాలంటే యంత్రం, కరెంటు, శుభ్రమైన గది కావాలి. వీళ్లు ఎంచుకున్నది ఎఫ్1 అనే ప్రోటీన్‌ను.

ప్లేగు బ్యాక్టీరియా పురుగు కడుపులోని చల్లదనంలో ఉన్నంతసేపు ఎఫ్1ను దాదాపు తయారుచేయదు. మనిషి ఒంటి వేడి తగలగానే పుష్కలంగా తయారుచేసి తన చుట్టూ పొరలా కప్పుకుంటుంది. మన తెల్ల రక్తకణాలు తనను మింగకుండా తప్పించుకోవడానికి ఆ పొర దానికి తోడ్పడుతుంది. ఒకే రకం చిన్న ముక్కలు వరుసగా అతుక్కుని పోగులా సాగే ప్రోటీన్ ఇది. బ్యాక్టీరియా దీన్ని ఎంత ఎక్కువగా చేస్తుందంటే, కొంత ఊడి చుట్టూ ఉన్న రసంలో కలిసిపోతుంది.

ఈ ఎంపిక వల్ల ఒకేసారి అనేక చిక్కులు విడిపోయాయి. బ్యాక్టీరియా బతికి ఉండాల్సిన పనిలేదు, అది చచ్చినా దాని ఎఫ్1 మిగులుతుంది. రోగికి కాసేపటి కింద యాంటీబయాటిక్ పడినా ఆనవాలు చెరిగిపోదు. నమూనాలో వేరే బ్యాక్టీరియా కలిసినా నష్టం లేదు. ప్లేగు బ్యాక్టీరియాకు అతి దగ్గరి చుట్టమైన యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్ కూడా ఈ ప్రోటీన్‌ను చేయదు కాబట్టి పొరపడే ప్రమాదం తక్కువ. తప్పించుకోవడానికి కప్పుకున్న పొరే ఆ బ్యాక్టీరియాను పట్టించింది. ఈ ఎంపికకు ఒక మూల్యం కూడా ఉంది. ఎఫ్1ను చేయని ప్లేగు రకాలు అరుదుగానైనా ఉన్నాయి, వాటిని ఈ పట్టీ చూడలేదు. చాలామందికి వెంటనే జవాబు దొరకడం కోసం అరుదైన ఆ కొద్దిపాటి ప్రమాదాన్ని తెలిసే అంగీకరించారు.

రెండు పట్లు, కాస్త బంగారం

ఎఫ్1ను పట్టుకునేవి యాంటీబాడీలు. జంతువు రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు రకరకాలుగా కలగాపులగంగా ఉంటాయి. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత కాలం, కావలసినంత మోతాదులో తయారుచేసుకునే దారిని 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ చూపారు. 1984లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. ఈ మోనోక్లోనల్ యాంటీబాడీలు లేకపోతే ఇలాంటి పట్టీని వేల సంఖ్యలో, ఒకదానికొకటి తేడా లేకుండా తయారుచేయడం సాధ్యమయ్యేది కాదు.

పట్టీలో యాంటీబాడీలు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని బంగారు రేణువులకు అతుక్కుని కదిలిపోవడానికి సిద్ధంగా ఉంటాయి. మరికొన్ని పొర మీద గీతలా ఎండి, కదలకుండా ఉంటాయి. ఈ కదలని వాటి పని కష్టమైంది. రసం ఆ గీతను దాటిపోయేది చాలా కొద్దిసేపు. ఆ కాస్త సమయంలో ఎఫ్1 తగలగానే పట్టుకోవాలి, పట్టుకున్నాక వదలకూడదు. పైగా ఫ్యాక్టరీలో ఎండి, నెలల తరబడి పొడిగా ఉండి, మళ్లీ తడి తగలగానే పూర్వపు పట్టుతో లేవాలి. ప్రయోగశాలలో అద్భుతంగా పనిచేసే యాంటీబాడీలు ఎన్నో ఈ పరీక్షలో ఓడిపోతాయి. తగిన వాటిని ఏరుకోవడంలోనే సగం పనితనం ఉంది.

బంగారం ఎందుకంటే, దాని రంగు కోసం. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల పరిమాణానికి తెచ్చి నీళ్లలో తేలేలా చేస్తే అది పసుపుగా ఉండదు, కెంపు రంగులో కనిపిస్తుంది. రేణువులోని ఎలక్ట్రాన్లు కాంతిలోని ఆకుపచ్చ భాగాన్ని మింగేయడం వల్ల మన కంటికి ఎరుపు మిగులుతుంది. మైకేల్ ఫారడే 1857లో ఈ కెంపురంగు బంగారు ద్రవాల మీద లండన్‌లో ప్రసిద్ధమైన ప్రసంగం చేశాడు. ఆయన చేసిన నమూనాలు నేటికీ అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాయి. ఈ రేణువులకు ప్రోటీన్లు సులువుగా అతుక్కుంటాయి. ఆ రంగు వెలిసిపోదు. అది పుట్టడానికి ఇంకో రసాయనం చేర్చాల్సిన పనిలేదు. ప్రయోగశాలలో చేసే ఎలీసా పరీక్షలో ఒకదాని తర్వాత ఒకటి ద్రావణాలు పోయాలి, కడగాలి, చివరికి రంగు తెప్పించే ఎంజైముకు ఆహారం వేయాలి, యంత్రంతో కొలవాలి. ఈ వరుసంతా పట్టీలో ఒకే కదలికగా కుదించుకుపోయింది.

చుక్క నడిచే దారి

పట్టీని దగ్గరగా చూస్తే నాలుగు ముక్కలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. అడుగున నమూనాను పీల్చే మెత్త. దాని మీద బంగారు రేణువులు ఎండిన మెత్త. తర్వాత నైట్రోసెల్యులోజ్ పొర. చివర, పైన, మిగిలిన ద్రవాన్ని తాగేసే మందమైన మెత్త. ప్రమిదలోని నూనెను ఒత్తి పైకి లాక్కున్నట్టు పట్టీ రసాన్ని తనంతట తానే పైకి లాక్కుంటుంది. మోటారు, పంపు, గురుత్వం ఏవీ అక్కర్లేదు.

ఈ దారి అంతా సూక్ష్మమైన నిర్ణయాలతో నిండి ఉంది. ముక్కల అంచులు ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కాలి. మధ్యలో సందు ఉంటే రసం అక్కడే ఆగిపోతుంది. మరీ ఎక్కువగా ఎక్కితే ప్రవాహంలో తేడా వస్తుంది. నైట్రోసెల్యులోజ్ పొరలోని రంధ్రాలు పెద్దవైతే రసం పరుగెత్తి గీత దగ్గర పట్టుకోవడానికి సమయం చాలదు, చిన్నవైతే చిక్కటి కఫం అడ్డుపడి కదలదు. పైనున్న మెత్త తగినంత తాగకపోతే రసం వెనక్కి జారి లేని గీతను తెప్పిస్తుంది. సన్నని పొర మీద ప్రోటీన్‌ను సూటిగా గీయడం, దాన్ని ఆరబెట్టడం, మిగతా పొరకు ఏదీ అతుక్కోకుండా కాపాడడం, అన్నీ కొలత ప్రకారం జరగాలి. గర్భధారణ పరీక్ష కోసం 1988లో మార్కెట్‌లోకి వచ్చిన క్లియర్‌బ్లూ కిట్‌తో ఇలాంటి పట్టీలు ఇళ్లలోకి వచ్చాయి. కోవిడ్ కాలంలో మనలో చాలామంది వాటిని చేతబట్టారు. చేతిలో ఉన్నప్పుడు మనం గమనించని పనితనం ఇది.

రసం రేణువుల మెత్తను తాకగానే బంగారు రేణువులు విడివడి దానితో పాటు బయలుదేరతాయి. రసంలో ఎఫ్1 ఉంటే, రేణువు మీది యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది. అలా చేరువైన జంట కింది గీత దగ్గరికి రాగానే అక్కడ కాచుకుని ఉన్న యాంటీబాడీ ఎఫ్1 రెండో కొసను పట్టేస్తుంది. రేణువు ఆగిపోతుంది. వేల రేణువులు ఒకే చోట ఆగితే ఎర్ర గీత. ఎఫ్1 లేకపోతే రేణువులు ఆగకుండా దాటిపోతాయి.

దాటిపోయిన రేణువులను పై గీత పట్టుకుంటుంది. అక్కడ ఉన్నది ఎఫ్1ను కాక, రేణువు మీది యాంటీబాడీనే పట్టుకునే ఇంకో యాంటీబాడీ. అందుకే రోగం ఉన్నా లేకున్నా పై గీత రావాలి. అది రాలేదంటే పట్టీ చెడిపోయింది, లేదా రసం పైదాకా చేరలేదు. ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోకూడదు. ఒక పరికరం తాను పనిచేయలేదని తానే చెప్పడం చిన్న విషయం కాదు. ప్రయోగశాలలో ఆ బాధ్యత నిపుణుడు మోస్తాడు. నిపుణుడు లేని చోటికి పంపేటప్పుడు ఆ బాధ్యతను కూడా పట్టీలోనే కుట్టి పంపారు. ఈ పరికరంలో నన్ను అన్నిటికన్నా కదిలించే భాగం ఆ పై గీతే.

ఎండకు తట్టుకోవాలి

లాన్సెట్ వ్యాసంలోని అంకెలు ఇవి. మిల్లీలీటరు ద్రవంలో 0.5 నానోగ్రాముల ఎఫ్1 ఉన్నా పట్టీ కనిపెట్టింది. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో సగం భాగం అన్నమాట. గరిష్ఠంగా 15 నిమిషాలు. 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచినా 21 రోజులు చెడిపోలేదు.

మూడో అంకె చిన్నదిగా కనిపించవచ్చు. ఏ పల్లెలోనూ 60 డిగ్రీల ఎండ ఉండదు. కానీ ఎండలో ఆగిన వ్యాను లోపల, రేకుల కప్పు కింద గదిలో పెట్టిన అట్టపెట్టెలో వేడి ఎంత పెరుగుతుందో మనకు తెలియనిది కాదు. ఫ్రిజ్ నుంచి ఫ్రిజ్‌కు మోసుకెళ్లాల్సిన పరీక్ష ఏదైనా కరెంటు తీగ ఆగిన చోట ఆగిపోతుంది. ఈ పట్టీ అక్కడ ఆగలేదు.

ఎఫ్1 కూడా గట్టి పదార్థమే. ఆగ్నేయ ఫ్రాన్స్‌లో 16 నుంచి 18వ శతాబ్దాల నాటి సమాధుల్లో దొరికిన ఎముకల మీద ఇదే పట్టీని పరిశోధకులు ప్రయోగించి ప్లేగు ఆనవాళ్లను పట్టుకున్నారు. ఆ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. మడగాస్కర్ పల్లెలోని జ్వరపీడితుడి కోసం చేసిన పరికరం శతాబ్దాల కిందటి మరణాలకు కారణం చెప్పింది. లక్ష్యాన్ని ఎంత చక్కగా ఎంచుకున్నారో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

ఇక చేతుల సంగతి. పట్టీని కొద్దిపాటి శిక్షణతో పల్లె ఆరోగ్య కార్యకర్తల చేతికిచ్చారు. వాళ్లు చదివిన ఫలితాన్ని రాజధాని ప్రయోగశాల చదివిన ఫలితంతో పోల్చితే 89.8 శాతం సరిపోలింది. కల్చర్ కన్నా 41.6 శాతం, ఎలీసా కన్నా 31 శాతం ఎక్కువ నమూనాల్లో పట్టీ ప్లేగును చూపింది. పది శాతం తేడా ఉందని పెదవి విరవడం సులువు. కానీ దారంతా దుమ్మే అయిన పల్లెలో, జ్వరంతో మూలుగుతున్న మనిషి పక్కన కూర్చుని చేసిన పరీక్ష అది. ఆ లెక్కన ఆ తొంభై శాతం గౌరవించదగ్గది.

వేగమే గీటురాయి అయితే

ఇంతకన్నా వేగంగా పనిచేసే సెన్సార్లు లేవా అంటే ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన లింకన్ ప్రయోగశాలలో టాడ్ రైడర్ బృందం తయారుచేసిన కెనరీ అనే సెన్సార్ గురించి 2003లో సైన్స్ పత్రిక ప్రచురించింది. అది బతికి ఉన్న రక్తకణాలతో పనిచేస్తుంది. యాంటీబాడీలను తయారుచేసే బి కణాల్లోకి జెల్లీచేప ప్రోటీన్ అయిన ఎక్వోరిన్‌ను చేర్చారు. కణం పైనున్న యాంటీబాడీలకు బ్యాక్టీరియా తగలగానే కణం లోపల కాల్షియం పెరుగుతుంది, కాల్షియం తగిలిన ఎక్వోరిన్ నీలి కాంతిని చిమ్ముతుంది, యంత్రం ఆ కాంతిని లెక్కిస్తుంది. నమూనా సిద్ధం చేసే సమయంతో కలిపి మూడు నిమిషాల్లో, యాభై ప్లేగు కణాలను సైతం అది పట్టుకోగలిగింది.

ఆ ఎక్వోరిన్ వెనుక కూడా ఓర్పు గల చేతి పని ఉంది. ఒసాము షిమోమురా 1961 వేసవిలో అమెరికా పశ్చిమ తీరంలోని ఫ్రైడే హార్బర్‌లో వేల జెల్లీచేపలను పట్టి, వాటి అంచులను కత్తిరించి, పిండి, ఆ వెలుగు రహస్యం కోసం వెతికాడు. పారబోసిన ద్రవం తొట్టిలోని సముద్రపు నీటితో కలిసి భగ్గున నీలంగా వెలిగినప్పుడు దాన్ని వెలిగించేది కాల్షియం అని తేల్చుకున్నాడు.

కెనరీ పనితనానికి తలవంచాల్సిందే. గాలిని ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉండాల్సిన పెద్ద భవనాల్లో దాని విలువ అపారం. కానీ బతికి ఉన్న కణాలకు పోషణ కావాలి, కాంతిని కొలిచే యంత్రం కావాలి. దాని మూడు నిమిషాలు మడగాస్కర్ పల్లెకు చేరేలోగా మూడు రోజులవుతాయి. పరీక్షకు పట్టే కాలాన్ని బల్ల మీద కాదు, రోగి జ్వరం మొదలైన క్షణం నుంచి మందు పడిన క్షణం దాకా కొలవాలి. అలా కొలిస్తే పావుగంట పట్టీయే ముందుంటుంది.

ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆగాలి

ఈ పట్టీకి హద్దులు లేవంటే దాని పనితనాన్ని తక్కువ చేసినట్టే. 2017లో మడగాస్కర్‌లో ప్లేగు నగరాల్లోకి పాకినప్పుడు ఆగస్టు నుంచి నవంబరు దాకా ధ్రువపడినవి, అనుమానితమైనవి కలిపి 2,417 కేసులు, 209 మరణాలు నమోదయ్యాయి. ఎక్కువ భాగం ఊపిరితిత్తుల ప్లేగుగా రాసినవే. బిళ్ల నుంచి తీసిన రసం నమ్మకమైన నమూనా, అక్కడ బ్యాక్టీరియా గుంపుగా ఉంటుంది. కఫం అలా కాదు. లాలాజలంతో కలుస్తుంది, చిక్కబడుతుంది, రోగి సరిగ్గా దగ్గి తీయలేడు. పట్టీ అవును అన్న వాటిలో కొన్నిటిని కల్చర్ బలపరచలేకపోయింది. కల్చర్ పొరపడిందా, పట్టీ పొరపడిందా అన్నది ఒక్కో కేసులో విడిగా తేల్చుకోవాల్సిన విషయం. అందుకే పట్టీ ఫలితంతో మందు మొదలుపెట్టి, నమూనాను ప్రయోగశాలకు కూడా పంపడం సరైన పద్ధతి.

ఇదే రకం పట్టీ వేరే ప్రశ్నకు ఎంత తడబడుతుందో చూపే ఉదంతం అమెరికాలో ఉంది. 2001లో తపాలా కవర్లలో ఆంత్రాక్స్ పొడి పంపిన దాడుల్లో 22 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు మరణించారు. ఆ తర్వాత ప్రతి తెల్లపొడీ అనుమానాస్పదమైంది. చేతి పరీక్షా పట్టీలతో అక్కడికక్కడే తేల్చాలని చాలామంది చూశారు. 2002లో అమెరికా ప్రభుత్వ శాస్త్ర సలహా కార్యాలయం ఆంత్రాక్స్ కోసం ఆ పట్టీలను వాడవద్దని సూచించింది.

కారణం లెక్కలో ఉంది. వెయ్యి పొడుల్లో నిజంగా ప్రమాదకరమైనది ఒక్కటే ఉందనుకుందాం. పట్టీ నూటికి ఒక్కసారే పొరపడుతుందనుకుందాం. అప్పుడు ఒక నిజమైన హెచ్చరిక పక్కన పది తప్పుడు హెచ్చరికలు నిలుస్తాయి, పది భవనాలు ఊరికే ఖాళీ అవుతాయి. మడగాస్కర్‌లో పరిస్థితి వేరు. అక్కడ అది ప్లేగు కాలం, ప్లేగు నేల, గజ్జల్లో బిళ్ల, జ్వరం. అన్నీ కలిసిన మనిషికే పరీక్ష చేస్తారు. పొరపడి మందు ఇచ్చినా నష్టం స్వల్పం, మందు ఇవ్వకపోతే ప్రాణమే పోతుంది. పట్టీలోని బంగారం ఒకటే అయినా, అది జవాబిస్తున్న ప్రశ్న ఒకటి కాదు.

సూరత్ జ్ఞాపకం

తెలుగువాళ్లకు ఈ పట్టీ కథ దూరపు కథ కాదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు అన్న వార్త రాగానే లక్షల మంది ఊరు విడిచి రైళ్లెక్కారు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఆ నగరంలో స్థిరపడి ఉన్నాయి. జనం మందుల దుకాణాల ముందు టెట్రాసైక్లిన్ కోసం బారులు తీరారు. ఆ మందుల వంశానికి మూలమైన ఆరియోమైసిన్ అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలోనే బయటపడింది.

ఆ రోజుల్లో దేశాన్ని వేధించిన ప్రశ్న ఇది ప్లేగేనా అన్నదే. నిపుణులు రెండు వర్గాలుగా చీలిపోయారు. ప్రభుత్వం సాంకేతిక సలహా సంఘాన్ని వేసింది. దానికి నాయకత్వం వహించినవారు శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. అది ప్లేగేనని ఆ సంఘం తేల్చింది. అయినా సందేహాలు పూర్తిగా పోలేదు. 2000లో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు అప్పటి బ్యాక్టీరియా జన్యు వరుసలను చదివి, అది యెర్సీనియా పెస్టిసేనని పరిశోధన పత్రంలో చూపారు. ఆ పని విలువైనదే, కానీ అప్పటికి ఆరేళ్లు గడిచాయి. మొదటి రోగుల పక్కన ఒక నమ్మకమైన పట్టీ ఉండి ఉంటే భయం పూర్తిగా ఆగేదని అనలేను. కానీ వైద్యుల మధ్య, ప్రభుత్వాల మధ్య వాదన కచ్చితంగా మరో మెట్టు నుంచి మొదలయ్యేది.

మన వరిపొలాల మట్టిలోనూ కనిపెట్టడం కష్టమైన బ్యాక్టీరియా ఉంది. మెలియాయిడోసిస్ తెప్పించే బర్ఖోల్డేరియా సూడోమల్లై వానాకాలంలో బురదలో దిగేవాళ్లను, ముఖ్యంగా మధుమేహం ఉన్నవాళ్లను పట్టుకుంటుంది. క్షయ అనో, మామూలు జ్వరం అనో పొరబడి చికిత్స చేస్తే ప్రాణం మీదికొస్తుంది. దీనికీ బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థాన్ని పట్టుకునే పట్టీ తయారైంది. కానీ రక్తంలో ఆ పదార్థం చాలా తక్కువగా ఉండటం వల్ల నేరుగా రక్తం మీద అది తరచూ విఫలమవుతుంది. కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియాను గుర్తించడంలో మాత్రం చక్కగా పనిచేస్తుంది. అంటే ఇక్కడ మొదటి నిర్ణయం, దేన్ని ఏ నమూనాలో వెతకాలన్నది, ఇంకా పూర్తిగా తెగలేదు.

కొత్త సెన్సార్ వచ్చిందన్న వార్త చదివినప్పుడల్లా అది ఎన్ని సెకన్లలో చెబుతుందో ముందుగా రాస్తారు. మడగాస్కర్ పట్టీ చూశాక నేను అడిగే ప్రశ్నలు వేరు. ఇది వెతుకుతున్నది శత్రువు దాదాపు ఎప్పుడూ విడిచే ఆనవాలేనా? కరెంటు పోతే పనిచేస్తుందా? తాను చెడిపోతే ఆ మాట తానే చెప్పగలదా? పల్లెలో ఏఎన్‌ఎం చదివిన ఫలితం, నగరంలో నిపుణుడు చదివిన ఫలితంతో దాదాపుగా సరిపోలుతుందా? జవాబు వచ్చిన క్షణాన ఇవ్వడానికి మందు అందుబాటులో ఉందా? వీటిలో ఒక్కదానికి లేదని జవాబొచ్చినా అది ప్రదర్శనకు పనికొచ్చే పరికరమే అవుతుంది, రోగికి పనికొచ్చేది కాదు. అన్నిటికీ అవునని చెప్పగల సాధనాలు తక్కువ. సుజాన్ షాంటో, ఆమె సహచరులు అలాంటి ఒకదాన్ని చేసి చూపారు. ఇక మన దేశంలో ఇలాంటి పరీక్షలు తయారుచేసేవాళ్లు, కొనేవాళ్లు ఇదే కొలబద్దను వాడాలి.